ఆర్పినా ఆరని పొయ్యి

రుద్రవరం, ఆళ్లగడ్డ, నంద్యాల వైపు నుంచి చదువుకోసం అమెరికా వెళ్లే పిల్లలు మొదటి వారం ఇంటికి పంపే ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎయిర్‌పోర్టు, యూనివర్సిటీ బోర్డు, కొత్త జాకెట్, చివర్లో వంటగది. అలాంటి ఒక వంటగది ఫొటో ఈమధ్య చేతులు మారి నా వాట్సాప్‌లోకి వచ్చింది. తెల్లటి పాత ఇనప పొయ్యి, పైన నాలుగు బర్నర్లు, కింద బీరువా తలుపు లాంటి ఓవెన్. ఫొటో కింద ఒకే ప్రశ్న: "అన్ని నాబ్‌లూ ఆపేశాం. అయినా లోపల చిన్న మంట వెలుగుతానే ఉంది. ఊది ఆర్పేయమంటారా?"

వద్దు. ఊదొద్దు.

ఈ వారం కాలమ్ అంతా ఆ చిన్న మంట గురించే. విదేశం వెళ్లినవాళ్లకు, వెళ్లబోయేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. వెళ్లనివాళ్లు కూడా చదవండి, మన ఇంటి పొయ్యి సంగతి కూడా మధ్యలో వస్తుంది.

ఆ మంట పేరు పైలట్. అగ్గిపెట్టె, లైటర్ అవసరం లేకుండా బర్నర్‌ని అంటించడానికి రాత్రీ పగలూ వెలుగుతూ ఉండే వేలిగోరంత మంట. మన ఊళ్లలో కట్టెల పొయ్యి రోజుల్లో రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి పెట్టేవాళ్లు. పొద్దున బూడిద తోసి, నాలుగు పుల్లలు పెట్టి ఊదితే అంటుకునేది. మన ఇంట్లో నిప్పు ఆరిపోతే పక్కింటికి పిడక పట్టుకుపోయి తెచ్చుకునేవాళ్లు. మీ జేజిని అడగండి, చెబుతుంది. పైలట్ చేసేది సరిగ్గా ఆ పనే. బూడిద బదులు సన్నటి గ్యాస్ గొట్టం, అంతే తేడా.

మరి మన ఇళ్లలో ఇది ఎందుకు కనబడదు? నల్లమల అంచున ఉన్న రుద్రవరం లాంటి ఊళ్లలో చాలా ఇళ్లకు గ్యాస్ వచ్చింది ఆలస్యంగా. 1999లో మొదలైన దీపం పథకంతో కొందరికి, 2016 తర్వాత ఉజ్వలతో ఇంకొందరికి. కట్టెల పొయ్యి నుంచి నేరుగా రెండు బర్నర్ల స్టీలు స్టౌకి, చేతిలో టకటకలాడే లైటర్‌కి వచ్చేశాం. మధ్యలో ఉండాల్సిన పైలట్ల కాలం, గ్యాస్ ఓవెన్ల కాలం మనకు తగల్లేదు. అందుకే ఎంత చురుకైన పిల్లాడైనా ఆ పొయ్యి ముందు నిలబడితే కొత్తగా ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ దేశంలో పుట్టిన ఇరవై ఏళ్ల పిల్లల్లోనూ పైలట్ వెలిగించినవాళ్లు ఎక్కువమంది ఉండరు.

ఎందుకంటే అక్కడా ఇది పాతబడిపోయింది. అమెరికాలో కరెంటు వైరున్న గ్యాస్ పొయ్యిలకు ఎప్పుడూ వెలిగే పైలట్ పెట్టకూడదని 1990 జనవరి 1 నుంచి నియమం. కరెంటు వైరు లేని పొయ్యిలకు ఆ నియమం 2012 ఏప్రిల్‌లో గానీ రాలేదు. అంటే పైలట్ పొయ్యి అనగానే తాతల నాటిదే అనుకోనక్కర్లేదు. తక్కువ అద్దె అపార్టుమెంట్లలో ఇంటి ఓనరు చవగ్గా కొనిపెట్టిన పొయ్యి కూడా అదే రకం కావొచ్చు. నిషేధానికి కారణం తేలికే: మీరు వండినా వండకపోయినా ఆ మంట గ్యాస్ తాగుతూనే ఉంటుంది.

నిజంగా పాతవి కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో వెడ్జ్‌వుడ్, ఓకీఫ్ అండ్ మెరిట్ పేర్లతో వచ్చిన 1940లు, 50ల నాటి పొయ్యిలను ఇప్పటికీ బాగుచేయించి ముచ్చటగా వాడేవాళ్లున్నారు. చాంబర్స్ అని ఇంకొకటి. దాని ఓవెన్ చుట్టూ వేడి బయటికి పోకుండా మందంగా కూరి ఉంటుంది. కాసేపు వెలిగించి గ్యాస్ కట్టేసినా లోపల వంట ఉడుకుతూనే ఉంటుందన్నది వాళ్ల ప్రచారం. అన్నం వార్చి నిప్పుల మీద మగ్గబెట్టే మన అవ్వలకు ఈ ప్రచారం చూపిస్తే "ఇందులో ఏముందబ్బా" అనేవాళ్లేమో!

మీ పొయ్యి ఏ రకం?

నాబ్ తిప్పగానే టిక్ టిక్ టిక్ అని శబ్దం వచ్చి అంటుకుంటే అది కరెంటు నిప్పురవ్వ, పైలట్ కాదు. ఓవెన్ ఆన్ చేశాక అడుగున ఒక కడ్డీ ఎర్రగా మెరిసి, ఆ తర్వాత మంట వస్తే అదీ పైలట్ కాదు. శబ్దం లేకుండా, క్షణంలో 'భప్' మని అంటుకుంటే పైలట్. లైట్లు తీసేసి చీకట్లో బర్నర్ల మధ్య పలక సందుల్లోంచి చూడండి, నీలంగా కనబడుతుంది. మామూలుగా రెండు పై బర్నర్లకు ఒక పైలట్, ఓవెన్‌కు అడుగున వేరే పైలట్ ఉంటాయి. ఇవేవీ లేకుండా ఓవెన్ అడుగుపలకలో వేలు దూరేంత కన్నం మాత్రమే ఉంటే, అది అగ్గిపుల్లతో వెలిగించాల్సిన ఇంకా పాత కాలపుది.

పై బర్నర్ల పైలట్‌లో ఒక తమాషా ఉంది. నాబ్ తిప్పితే బర్నర్ నుంచి కొంచెం గ్యాస్ ఒక చిన్న గొట్టం గుండా పైలట్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ అంటుకుని, మంట అదే దారిలో వెనక్కి పరుగెత్తి బర్నర్‌ని వెలిగిస్తుంది. మన వంట తెలుసుగా... పోపులు, చిందే నూనె, పొంగే గంజి. ఆ గొట్టంలో జిడ్డు పేరుకుంటే మంట ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యంలో గ్యాస్ పోగుపడి, అంటుకున్నప్పుడు 'భుస్' మంటుంది. రోజురోజుకీ ఆ చప్పుడు పెద్దదవుతోందంటే శుభ్రం చేసే టైమ్ దాటిపోయిందన్నమాట. పొయ్యి పూర్తిగా ఆపి, చల్లారాక ఆ గొట్టాల్ని సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టి బిగించండి. పైలట్ కన్నంలో మాత్రం సూదులు గుచ్చి తిప్పొద్దు. కన్నం పెద్దదైతే మంట పెద్దదవుతుంది, పసుపురంగుకు తిరుగుతుంది, మసి పడుతుంది.

కాపలా ఉన్న మంట, కాపలా లేని మంట

పైలట్ ఆరిపోతే? అసలు కథ ఇక్కడుంది.

ఓవెన్ పైలట్‌కు చాలావరకు ఒక కాపలావాడు ఉంటాడు. రెండు వేర్వేరు లోహాల్ని ఒక కొసన అతికించి ఆ కొసను వేడిచేస్తే అతి కొద్దిగా కరెంటు పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది. దీనిమీద ఆధారపడి చేసిన కడ్డీని థర్మోకపుల్ అంటారు. అది పైలట్ మంటలో తలపెట్టి ఉంటుంది. అందులో పుట్టేది ఏ పాతిక ముప్పై మిల్లీవోల్టులో. మీ ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టుల ముందు అదెంత! కానీ గ్యాస్ దారిని తెరిచి పట్టుకునే చిన్న అయస్కాంతానికి అది చాలు. మంట ఆరిందా, కడ్డీ చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగ్ వచ్చి గ్యాస్ దారి మూసేస్తుంది. కొన్ని అమెరికన్ ఓవెన్లలో ఈ పని పాదరసం నింపిన సన్నటి గొట్టం చేస్తుంది. అవి ఇంకో రకంగా కంగారుపెడతాయి. నాబ్ తిప్పాక మొదట పైలట్ మంట పెద్దదవుతుంది, అది ఆ గొట్టాన్ని వేడెక్కించాక గానీ అసలు బర్నర్‌కు గ్యాస్ వెళ్లదు. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం పడుతుంది. "వెలగలేదురా" అని తలుపు తీసి, తల లోపల పెట్టి చూసే టైమ్ సరిగ్గా అదే. పెట్టకండి. దూరంగా నిలబడి ఆగండి.

పై బర్నర్ల పైలట్‌కు చాలా పాత పొయ్యిల్లో ఈ కాపలా లేదు. ఆరిపోతే ఆ కొద్ది గ్యాస్ అలా వస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఫొటో పంపిన తమ్ముడికి నేను ఊదొద్దని ఎందుకన్నానో అర్థమైంది కదా. పైలట్‌ని నోటితో ఆర్పడమంటే మంటను ఆపి గ్యాస్‌ను వదిలేయడం. అది వద్దనుకుంటే దానికి వెళ్లే గ్యాస్‌ను వాల్వ్ దగ్గర కట్టాలి, ఆ పని ఓనరు పంపే మనిషి చేయాలి.

మన ఇంటి పొయ్యి దగ్గరికి వస్తానన్నాను. మన స్టౌల్లో చాలావాటికి మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు లేనే లేదు. పాలు పొంగి సిమ్‌లో ఉన్న మంట ఆరిపోతుంది, మీరు రీల్స్ చూస్తూ ముందు గదిలో ఉంటారు. నాబ్ తెరిచే ఉంది. పైలట్ నుంచి వచ్చే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గ్యాస్ వస్తుంది. అమెరికా పొయ్యిని చూసి భయపడేవాళ్లు ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి నిశ్చింతగా మేడెక్కడం నాకు వింతే.

వాసన వస్తే ఏం చేయాలో రెండు చోట్లా ఒకటే. గ్యాస్‌కు సొంత వాసన లేదు, మెర్‌కాప్టాన్ అనే కుళ్లు కంపు రసాయనాన్ని కావాలనే కలుపుతారు. లీలగా వస్తే నాబ్‌లు మూయండి, తలుపులు కిటికీలు తెరవండి, ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. ఫ్యాన్ కూడా. వాసన పూర్తిగా పోయాక, మరో అయిదు నిమిషాలు ఆగి అప్పుడు పైలట్ సంగతి చూడండి. గట్టిగా వస్తుంటే ఇక పొయ్యి జోలికే పోకుండా బయటికి నడవండి, ఫోన్ బయటినుంచే చేయండి. మన దేశంలో ఎల్‌పీజీ లీకులకు 1906, అమెరికాలో 911, బ్రిటన్‌లో 0800 111 999. ఒక తేడా గుర్తుంచుకోండి. మన సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్ గాలికంటే బరువు, నేలబారున పాకి గది మూలల్లో కూర్చుంటాయి. అక్కడ గొట్టంలో వచ్చేది ఎక్కువగా మీథేన్, తేలిక, పైకి పోతుంది. ముక్కు నేలకానించి వాసన చూసే మన అలవాటు అక్కడ పనిచేయకపోవచ్చు.

అగ్గిపుల్లతో వెలిగించే పాత ఓవెన్ అయితే వరస తప్పకూడదు. తలుపు బార్లా తీయాలి, ముందు పుల్ల వెలిగించి కన్నం దగ్గర పెట్టాలి, ఆ తర్వాతే నాబ్ తిప్పాలి. గ్యాస్ తిప్పి అగ్గిపెట్టె కోసం వెతికితే కనుబొమ్మలు పోతాయి. తమాషాకి అనడం లేదు, ఆ కాలంలో అది మామూలు ప్రమాదమే.

నాబ్ మీద అంకె నిజమేనా?

మనకు వేడిని అంకెల్లో కొలవడం అలవాటు లేదు. సిమ్, మీడియం, హై. కుక్కర్ మూడు విజిల్స్. ఉగ్గానిలోకి బజ్జీలు వేసేటప్పుడు పిండి చుక్క నూనెలో వేస్తే వెంటనే పైకి తేలితే కాగినట్టు. పెనం మీద నీళ్లు చల్లితే చుయ్ మంటే దోసె పోయొచ్చు. ఓవెన్‌కు తలుపుంది, అందులోకి నీళ్లు చల్లి చూడలేం. అందుకే అంకెను నమ్ముతాం. నమ్మడంలోనే రెండు దెబ్బలు తింటాం.

మొదటిది ఫారెన్‌హీట్. తెలుగు యూట్యూబ్‌లో వంట చెప్పే అక్క "180 డిగ్రీలు" అంటుంది. అది సెల్సియస్. అమెరికా పొయ్యి నాబ్ ఫారెన్‌హీట్. 180 అంకె కనబడక దగ్గర్లో ఉందని 200 మీద పెడతారు. అది 93 డిగ్రీల సెల్సియస్, నీళ్లు మరిగేంత కూడా కాదు. రెసిపీలో చెప్పిన 40 నిమిషాలయ్యాక చికెన్ ముక్క బయట మసాలా ఎండి చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల ఎముక దగ్గర పచ్చి. చికెన్ లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్, అంటే 165 ఫారెన్‌హీట్ చేరాలి. నాలుగు అంకెలు గుర్తుంటే చాలు: 300 అంటే 150 సెల్సియస్, 350 అంటే దాదాపు 180, 400 అంటే 200 చిల్లర, 450 అంటే 230 చిల్లర.

బ్రిటన్ వెళ్లినవాళ్లకు డిగ్రీలే ఉండవు. నాబ్ మీద 1 నుంచి 9 దాకా అంకెలు. అది గ్యాస్ మార్క్. 1923లో న్యూ వరల్డ్ కుక్కర్ మీద 'రెగ్యులో' అనే నాబ్‌తో వచ్చిన పద్ధతి ఇప్పటికీ వదల్లేదు వాళ్లు. మార్క్ 1 అంటే 275 ఫారెన్‌హీట్, అంటే 140 సెల్సియస్. అక్కడినుంచి మెట్టుకు 25 ఫారెన్‌హీట్ చొప్పున ఎక్కుతుంది. మార్క్ 4 అంటే 180 సెల్సియస్, కేకులకు అదే. మార్క్ 6 అంటే 200.

రెండో దెబ్బ ఇంకా లోతైనది. నాబ్ మీద అంకె మీరు అడిగిన వేడి, వచ్చిన వేడి కాదు. ఓవెన్ లోపల గోడకు ఒక సన్నటి గొట్టం తగిలించి ఉంటుంది. అందులో ద్రవం వేడికి ఉబ్బి, రెండో కొసన ఉన్న వాల్వ్‌ని నెట్టి గ్యాస్ తగ్గిస్తుంది. చల్లబడితే ముడుచుకుని మళ్లీ తెరుస్తుంది. 350 పెట్టినా లోపల వేడి ఒకచోట నిలబడదు, పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. కొత్త ఓవెన్‌లోనూ ఊగుతుంది. నలభై ఏళ్లు వాడిన దాంట్లో ఆ గొట్టం వంగి ఉండొచ్చు, జిడ్డు పట్టి ఉండొచ్చు, నాబ్ అరిగి జారి ఉండొచ్చు. 350 అన్నది 300 కావొచ్చు, 410 కూడా కావొచ్చు.

దీనికి మందు కొద్ది డాలర్లకు దొరికే ఓవెన్ థర్మామీటర్. మధ్య అరలో, మధ్యన పెట్టండి. నాబ్ 350 మీద పెట్టి అరగంట వదిలేయండి. ఆ తర్వాత పది నిమిషాలకోసారి నాలుగైదు సార్లు చూసి రాసుకోండి. ఒక్కసారి చూసి తేల్చొద్దు, అది ఊగుడులో ఏ కొసన ఉందో మనకు తెలీదు. 360, 400, 370, 410 అని వచ్చిందనుకోండి, సగటు 385. మీ ఓవెన్ 35 ఎక్కువ కొడుతోంది. ఒక కాగితం మీద రాసి పొయ్యి పక్కన అంటించండి. 350 కావాలంటే 315 దగ్గర పెట్టుకోవడమే. నాబ్ వెనక స్క్రూతో సరిచేసే వీలు కొన్నింటికి ఉంటుంది గానీ అద్దె ఇంట్లో ఆ జోలికి పోకుండా కాగితమే మేలు. థర్మామీటర్ దొరికేలోపు చూడాలంటే చెంచాడు పంచదార రేకు మీద పోసి పెట్టండి. పంచదార దాదాపు 186 సెల్సియస్, అంటే 367 ఫారెన్‌హీట్ దగ్గర కరుగుతుంది. 350 అని పెట్టిన ఓవెన్‌లో పావుగంటకే పాకమైపోతే ఎక్కువ కొడుతోందని తెలిసిపోతుంది.

ఇంత కష్టం దేనికంటే, ఒకసారి లెక్క తెలిసిన ఓవెన్ మన వంటకు భలే పనికొస్తుంది. 350 దగ్గర పళ్లెంలో ఒక్క వరస పరిచిన బుడ్డలు పావుగంట, ఇరవై నిమిషాల్లో సమంగా వేగుతాయి, మధ్యలో ఒకసారి కలిపితే చాలు. పొడికి, పచ్చడికి ఇంతకంటే హాయి లేదు. పైమంట కింద, అంటే బ్రాయిలర్ కింద, గాట్లు పెట్టి నూనె రాసిన వంకాయ తిప్పుతూ పెడితే పచ్చడికి తోలు నల్లగా కాలుతుంది. గాట్లు మర్చిపోతే పేలుతుంది.

వెలిగించే ముందు ఓవెన్ తలుపు తీసి చూడాలన్న సంగతి కూడా చెప్పాలి. మన పిల్లల ఇళ్లలో ఓవెన్ అంటే గిన్నెల బీరువా. మూకుడు, కుక్కర్ మూత, ప్లాస్టిక్ డబ్బాలు అన్నీ అందులోనే. రూమ్మేట్ పిజ్జా కోసం 425 పెట్టేస్తాడు. మిగతాది మీరే ఊహించుకోండి.

చలికి ఓవెన్ తలుపు తీయొద్దు

డిసెంబర్‌లో హీటర్ పనిచేయక ఓవెన్ వెలిగించి, తలుపు తీసి పెట్టి పడుకునేవాళ్లున్నారు. ఈ కాలమ్‌లో మిగతాదంతా మర్చిపోయినా సరే, ఇది మాత్రం చేయొద్దు. గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మెర్‌కాప్టాన్ కంపు లీకైన గ్యాస్‌ని పట్టిస్తుంది గానీ దీన్ని పట్టించదు. తలనొప్పి, తిప్పడం, మత్తు... నిద్రలో ఉన్నవాడికి అవి కూడా తెలియవు. ఇక్కడ కిటికీ లేని బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు ప్రాణాలు తీసేది ఈ వాయువుతోనే. పైమంట నీలంగా ఉండాలి. ఉప్పునీళ్లు చింది కాసేపు పసుపుగా మారితే పర్లేదు, అది ఉప్పులోని సోడియం రంగు. ఎప్పుడూ పసుపుగానే ఉండి గిన్నెల అడుగు మసి పడుతుంటే మాత్రం ఓనరుకు చెప్పాల్సిందే. అడుగుపలక మురికి కాకూడదని ఫాయిల్ పరిచేవాళ్లు పలకలోని కన్నాలు మూసుకుపోకుండా చూసుకోవాలి, మంటకు గాలి వెళ్లేది వాటిగుండానే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో ఉందా, బ్యాటరీ ఉందా అని ఇల్లు తీసుకునే రోజే అడగండి. వైఫై పాస్‌వర్డ్ తర్వాత అడగొచ్చు.

ఇక పెరుగు. చలిదేశాల్లో మనవాళ్ల పెద్ద బెంగ అదే. పాలు తోడుకోవు, దోసె పిండి పులవదు. పైలట్ ఉన్న ఓవెన్‌లో గ్యాస్ ఆపేసినా లోపల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. అమెరికాలో ముందుగా స్థిరపడ్డ మన ఇల్లాళ్లు ఈ గుట్టు కనిపెట్టి, రాత్రి తోడుగిన్నె అందులో పెట్టి పొద్దున గట్టి పెరుగు తీసేవాళ్లు. పైలట్లు పోయాక ఓవెన్ బల్బు వేసి ఆ వెచ్చదనం మీద నెట్టుకొస్తున్నారు. మీ పొయ్యికి పైలట్ ఉంటే అదృష్టమే. మొదట థర్మామీటర్ పెట్టి చూడండి. వీటిలో ఒక్కో దాని వెచ్చదనం ఒక్కోలా ఉంటుంది. 40 సెల్సియస్ దాటి కొంచెం ఉంటే పెరుగుకు, 30 పైచిలుకు ఉంటే పిండికి బాగుంటుంది. మరీ వేడిగా ఉంటే గిన్నె పైఅరకు కాకుండా తలుపు దగ్గరికి జరపండి. ప్లాస్టిక్ గిన్నె వద్దు. పడుకునే ముందు నాబ్ మీద ఒక చీటీ అంటించండి, "లోపల పెరుగుంది" అని. రూమ్మేట్ తెలుగువాడు కాకపోతే గిన్నె బొమ్మ గీయండి.